పేరు తెలియని వాగు అనేది లేదు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళే రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు దాటి, అడవిలో చాలాసేపు పోయాక దోమలపెంట వస్తుంది. దాని తర్వాత ఈగలపెంట. ఆ రోడ్డు మీద నేను ఓ పదిహేను సార్లన్నా వెళ్ళుంటాను. ప్రతిసారీ కారులో ఎవరో ఒకరు ఆ బోర్డు చదివి నవ్వేవాళ్ళు. "దోమలు, ఈగలు, పైగా పెంట. ఎవడ్రా బాబూ ఈ పేర్లు పెట్టింది?" అని. మొదటి మూడు నాలుగుసార్లు ఆ నవ్వినవాణ్ణి నేనే. ఫోటో కూడా తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. బాగానే లైకులు వచ్చాయి.

ఇప్పుడా అవకాశం లేదు. దోమలపెంటని బ్రహ్మగిరి అనీ, ఈగలపెంటని కృష్ణగిరి అనీ ప్రభుత్వం మార్చేసింది. ఈ మార్పుని మన సాహిత్య ప్రపంచంలో ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. నగరాల పేర్లు మారుస్తామంటే టీవీల్లో రాత్రంతా అరుచుకుంటాం. రెండు అడవి ఊళ్ళ పేర్లు పోతే ఒక్క వ్యాసం రాలేదు. వచ్చిందేమో, నా కంట పడలేదు. పడుంటే ఇది రాసేవాణ్ణి కాదు.

2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకుపోయినప్పుడు దేశమంతా వార్తల్లో విన్న ఊరు దోమలపెంటే. ఆ రోజుల్లో ఆ పేరు విని ఎవరూ నవ్వలేదు. కాబట్టి నవ్వు పుట్టించేది ఆ పేరులో ఏదో ఉందనే వాదన నాకు ఎక్కదు.

ముందు పెంట సంగతి చూద్దాం. హైదరాబాదులో పెంట అంటే చెత్త, గొడవ, పాడైపోయిన పని. "రిలీజ్ ముందురోజు మొత్తం పెంట చేశాడు" అని మా ఆఫీసులో వారానికోసారన్నా వినపడుతుంది. కానీ మా తాతకి పెంట అంటే ఎరువు. ఎండాకాలంలో బండ్లు కట్టి పొలాలకి పెంట తోలేవాళ్ళు. ఇంటి వెనక పెంటకుప్ప ఎంత పెద్దదైతే అంత పశువులున్న ఇల్లని లెక్క. అన్నదమ్ములు విడిపోయినప్పుడు బావిలో వాటాతో పాటు పెంటకుప్పలో వాటా కూడా మాట్లాడుకున్నారని మా నాయనమ్మ చెప్పేది. ఆ ఆస్తి రెండు తరాల్లో తిట్టు అయిపోయింది. పశువులు పోయాయి, యూరియా వచ్చింది, మాట మాత్రం వాసన కొట్టడం మొదలుపెట్టింది.

నల్లమలలో పెంట అంటే ఇంకోటి. చెంచుల గూడెం. అప్పాపూర్ పెంట, రాంపూర్ పెంట, కొల్లంపెంట. నాలుగు గుడిసెలైనా పెంటే, నలభై ఇళ్ళైనా పెంటే. 1940ల మొదట్లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచులతో తిరిగి, 1943లో వాళ్ళ మీద పుస్తకం అచ్చువేసిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్, వాళ్ళు ఋతువుని బట్టి మకాం మార్చుకోవడం గురించి రాశాడు. అంటే మనుషులు కదులుతారు, చోటు పేరు కదలదు. మనుషులు లేని నెలల్లో కూడా ఆ పేరు అక్కడే ఉంటుంది, తిరిగొచ్చే దారికి గుర్తుగా. తెలుగు నేల మీద ఊరికి ఇన్ని మాటలున్నాయి: పల్లె, పాడు, వాడ, పేట, పర్రు, కుర్రు, గూడెం, తండా, పెంట. ప్రతి దానికీ ఓ నేల ఉంది. పర్రు అనగానే తడి నేల కళ్ళముందుకొస్తుంది. పెంట అనగానే నల్లమల రావాలి. మనకి డస్ట్‌బిన్ వస్తోంది.

సరే, మార్చారు. ఏమని మార్చారు? బ్రహ్మగిరి. కర్ణాటక, కేరళ సరిహద్దులో బ్రహ్మగిరి ఉంది. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో బ్రహ్మగిరి ఉంది. కృష్ణగిరి అయితే తమిళనాడులో ఏకంగా జిల్లా. దోమలపెంట అని వెతికితే మన దోమలపెంటే దొరికేది. అది నిందో పొగడ్తో తర్వాత సంగతి, ముందు అది చిరునామా. ఆ పేరు పెట్టినవాళ్ళు తర్వాత వచ్చేవాళ్ళకి ఓ హెచ్చరిక కూడా వదిలారు: ఇక్కడ తేమ ఉంది, దోమ ఉంది, రాత్రి పొయ్యి రాజేసుకుని పడుకోండి. బ్రహ్మగిరి ఏం చెప్తుంది? కొండ ఉందని. శ్రీశైలం దారిలో కొండ ఉందని చెప్పడానికి ఊరి పేరు మార్చాలా?

పేర్లలో ఇంత సమాచారం ఉంటుందని నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. దాహం వల్ల తెలిసింది.

శ్రీశైలానికి ఇంకో పక్క నుంచి, అంటే నంద్యాల జిల్లా ఆత్మకూరు వైపు నుంచి పాత కాలిబాట ఒకటుంది. వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెడితే నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరుకోవచ్చు. శివరాత్రికి మనవాళ్ళు, ఉగాదికి కన్నడ భక్తులు వేలమంది ఆ దారిన నడుస్తారు. మిగతా రోజుల్లో అడవి శాఖ వదలదు. నేను భక్తుణ్ణి కాను, నడిచేవాణ్ణి. ఓ ఏడాది ఉగాదికి కొన్ని రోజుల ముందు, దారి తెరిచిన కొత్తలో, ఓ మిత్రుడితో కలిసి బయల్దేరాను. దాతలు పెట్టే నీళ్ళ పందిళ్ళు ఇంకా లేవలేదు. నాకేం భయం? ఫోన్లో అప్పటికే ఎవరో నడిచి ఎక్కించిన ట్రాక్ ఉంది. ఎరుపు గీత, అక్కడక్కడా గుర్తులు. టెంపుల్. వ్యూ పాయింట్. స్టీప్. క్యాంప్ స్పాట్.

నాగలూటి దగ్గర ట్రాక్ మీద ఉన్న గుర్తు టెంపుల్. నిజమే, వీరభద్రస్వామి గుడి ఉంది. గుడి చూశాం, మెట్ల మీద కూచున్నాం, వెళ్ళిపోయాం. బాటిళ్ళు నింపుకోలేదు. ఎందుకు నింపుకోవాలి, గుర్తు టెంపుల్ అనే కదా ఉంది? మిట్టమధ్యాహ్నానికి నా దగ్గర మూడు గుక్కలు మిగిలాయి, మిత్రుడి దగ్గర అవీ లేవు. ఆకులు రాలిన అడవిలో మార్చి ఎండ ఎలా ఉంటుందో నడిచినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నడవనివాళ్ళకి చెప్పినా తెలీదు.

మమ్మల్ని కాపాడింది విజయపుర వైపు నుంచి వచ్చిన ఓ కన్నడ గుంపు. అందులో ఒక పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి, కాళ్ళకి చెప్పుల్లేవు, నడుముకి నీళ్ళ క్యాను కట్టుకుని నా కన్నా వేగంగా నడుస్తోంది. తన నీళ్ళలోంచి మా ఇద్దరికీ పోసింది. "నాగలూటిలో ఎందుకు పట్టుకోలేదు తమ్మా?" అంది సగం కన్నడం, సగం తెలుగులో. అక్కడ నీళ్ళున్నాయని తెలీదన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ తర్వాత ఎక్కాం అప్పజెప్పినట్టు వేళ్ళు మడుస్తూ చెప్పింది: నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీమనకొళ్ళ. నాలుగు వేళ్ళు. నాలుగు చోట్ల నీళ్ళు. మధ్యలో ఎంత దూరం మోసుకోవాలో అంతే మోసుకోవాలి. చదువు రాని ఆ మనిషికి ఆ పేర్ల వరసే మ్యాపు.

మళ్ళీ చదవండి. చెరువు, బావి, కొలను. నాగలూటిలో చివరిది ఊట అనే నా నమ్మకం. ఇవి అందమైన పేర్లని ఎవరూ పెట్టలేదు. నడిచేవాడు చావకుండా ఉండటానికి పెట్టారు. నేను తెలుగులో పుట్టి, తెలుగు సాహిత్యం మీద వ్యాసాలు రాసి, చెరువు అన్న మాటలో నీళ్ళున్నాయని గమనించకుండా, ఎవడో పెట్టిన టెంపుల్ అన్న గుర్తుని నమ్మాను.

భీమునికొలను సంగతి ఇంకా బాగుంటుంది. మనం కొలను అంటాం, అంటే నీటి మడుగు. వాళ్ళు కొళ్ళ అంటారు, కన్నడంలో దానికి లోయ అని అర్థం. అక్కడికి దిగితే రెండూ ఉన్నాయి. రాతిగోడల మధ్య లోతైన లోయ, అడుగున నీళ్ళు. దిగినవాళ్ళు కొలను చూశారు, పైన నిలబడ్డవాళ్ళు కొళ్ళ చూశారు అనిపించింది. ఏది మూలం, ఏది అపభ్రంశం అని కొట్టుకునే పండితులని అక్కడికి ఓసారి ఎండాకాలంలో నడిపించాలి. ఒక్క షరతు, నీళ్ళ బాటిల్ ఇవ్వకూడదు.

ఇదే ప్రాంతం మీదుగా ఏనుగుల వీరాస్వామయ్య కూడా శ్రీశైలం వెళ్ళాడు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగం, పెద్ద పరివారం, 1830 మేలో బయల్దేరి కాశీ దాకా వెళ్ళి 1831లో తిరిగొచ్చాడు. 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్రని తొలి తెలుగు యాత్రా రచనల్లో ఒకటని మనమంతా సభల్లో చెప్పుకుంటాం. చెప్పుకోవడమే కానీ ఆయన ఏం చేశాడో చూడం. మజిలీ మజిలీకీ ఊరి పేరు, దూరం, నీళ్ళెలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా, దారి రాళ్ళదా ఇసుకదా అని రాసుకుంటూ పోయాడు. ఈ కాలపు పాఠకుడికి విసుగు పుట్టించే జాబితా అది. కానీ ఆ జాబితా పట్టుకుని ఇంకో మనిషి ప్రయాణం చేయగలడు. బోయీలు మోస్తుంటే వెళ్ళిన పెద్దమనిషి రాసుకున్నన్ని పేర్లు, సొంత కాళ్ళతో నడిచామని గొప్పలు పోయే మనం రాసుకోవడం లేదు.

మనం ఏం రాస్తున్నామో చూద్దాం. ఇక్కడ ఎవరి పేరూ ఎత్తను. ఎత్తితే ముందు నా పేరే ఎత్తాలి. ఇప్పటి తెలుగు ట్రావెల్ రచనలో, ఫేస్‌బుక్ పోస్టు నుంచి పుస్తకం దాకా, తప్పకుండా కనపడే మాట "పేరు తెలియని". పేరు తెలియని వాగు దాటాం. పేరు తెలియని పిట్ట కూసింది. పేరు తెలియని పువ్వు వాసన. పేరు తెలియని ఊళ్ళో పేరు తెలియని ముసలమ్మ టీ ఇచ్చింది, డబ్బులు తీసుకోలేదు, మా కళ్ళు చెమర్చాయి. ముసలమ్మ టీ కాచేంతసేపు అక్కడే కూచున్నావు కదా. ఆ పది నిమిషాల్లో "అమ్మా, ఈ ఊరి పేరేంటి, ఈ వాగునేమంటారు?" అని అడగలేకపోయావా? అడగలేదు, ఎందుకంటే తెలియకపోవడమే నీ వాక్యానికి అందం. పేరు తెలిస్తే మిస్టరీ పోతుంది. వాగు కాస్తా ఎవరిదో అయిపోతుంది. పేరు తెలియని వాగు మాత్రం నీ ఒక్కడిదే, నువ్వు కనిపెట్టిందే.

ఆరేడేళ్ళ క్రితం సలేశ్వరం జాతరకి వెళ్ళొచ్చి నేనూ ఓ వ్యాసం రాశాను. చైత్ర పున్నమికి కొద్ది రోజులే తెరిచే చోటు, చెంచులే పూజారులు, లోయలోకి దిగి జలపాతం కింద లింగాన్ని చూడాలి. ఆ వ్యాసంలో "పేరు తెలియని" అనే మాట ఐదుసార్లు వాడాను. మొన్న లెక్కపెట్టాను. ఐదు చోట్లా పక్కన మనిషి ఉన్నాడు. ఐదు చోట్లా అడగలేదు.

ఇంకో రకం వాళ్ళున్నారు, అడగరు కానీ చెప్పేస్తారు. ఎటిమాలజీ రాయుళ్ళు. లంబసింగికి కొర్రబయలు అనే పేరుంది. ప్రతి చలికాలం పేపర్లో, రీల్స్‌లో వచ్చే వివరణ ఒకటే: రాత్రి బయట పడుకుంటే పొద్దునకి కొర్రలాగా, అంటే కర్రలాగా బిగుసుకుపోతారట, అందుకని కొర్రబయలట. వినడానికి బాగుంటుంది, చలికి సరిపోతుంది, ఇన్‌ఫ్లుయెన్సర్‌కి స్క్రిప్టు రెడీ. కానీ అదే మన్యంలో పెదబయలు అని ఓ మండలమే ఉంది. ఈ లెక్కన దాని అర్థం పెద్ద బయటా? అటు నల్లమలలో కుడిచింతలబైలు ఉంది. కుడివైపు చింతచెట్ల బయటా? బయలంటే చెట్లు లేని మైదానం, అడవి మధ్య తెరిపి. ఇక కొర్ర అంటే కొర్రలు కూడా. ఇప్పుడు మనం ఆర్గానిక్ స్టోర్‌లో ప్యాకెట్ కొనుక్కుని తెస్తున్న అవే కొర్రలు. కొండ మీద తెరిపిలో కొర్ర పండే చోటుని కొర్రబయలు అన్నారేమో అని ఒక్కసారన్నా అనుమానం రావాలి కదా. నాది ఊహే, పందెం కాయను. కానీ నా ఊహలో అక్కడ బతికినవాళ్ళ పంట ఉంది. వాళ్ళ కథలో టూరిస్టు చలి ఉంది. అడవిలో ఊరు ఎప్పుడో వెలిసి, టూరిస్టు దుప్పటి మర్చిపోయి వస్తాడని వాళ్ళు ముందే ఊహించి పేరు పెట్టారా?

పైగా ఆ కొండల్లో పేర్లన్నీ తెలుగులోంచే రావాలని రూలేం లేదు. ముంచంగిపుట్టు అనగానే మనవాడు పాముపుట్ట కథ ఎత్తుకుంటాడు. ఆ పుట్టు ఒడిశా వైపు జోలాపుట్, కొరాపుట్ దాకా పోతుందని చూడడు. కువి, ఆదివాసీ ఒడియా, ఇంకా ఎన్నో భాషలు మాట్లాడే కొండల మీద మన దగ్గరున్న ఒక్క తాళంచెవితో అన్ని తలుపులూ తీయాలనుకుంటే తాళాలు పాడవుతాయి. తెలుగులోకి లాక్కోలేకపోతే సంస్కృతంలోకి ఎత్తేస్తారు. అదీ కుదరకపోతే పాండవులు వచ్చి వెళ్ళారంటారు. పాపం పాండవులు, పన్నెండేళ్ళ వనవాసంలో మన జిల్లాల్లోనే ఎన్ని రాత్రులు పడుకున్నారో.

ఇక లంబసింగిని ఆంధ్రా కశ్మీర్ అనడం గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. కశ్మీర్ చూడనివాడు, లంబసింగి చూస్తూ కూడా కశ్మీర్‌నే చూస్తున్నాడు.

పేర్లు చెరిపేయడం కొత్తేం కాదు, అది దొరల అలవాటు. మదనపల్లె దగ్గరి కొండకి ఏనుగు మల్లమ్మ కొండ అని పేరు. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల కథ ఆ కొండది. కడప కలెక్టరు డబ్ల్యూ. డి. హార్స్‌లీ ఎండాకాలం చల్లగా ఉంటుందని అక్కడో బంగళా కట్టుకున్నాడు, అంతే, హార్స్‌లీ హిల్స్. ఇటు అమ్రాబాద్ అడవిలో పుల్లచెలమ ఫరహాబాద్ అయింది. వేట విడిదికి ఆనందాన్ని తలపించే పేరు కావాల్సొచ్చింది. ఆ పుల్ల పులేనా కాదా అన్నది వదిలేయండి, చెలమ చాలు. చెలమంటే వాగు ఇసకలో తవ్వుకునే నీటి గుంట, ఎండాకాలం ప్రాణం. పాత పేరులో ఉన్న నీళ్ళు కొత్త పేరులో ఇంకిపోయాయి. కలెక్టర్లూ నవాబులూ పోయారు, ఆ పని ఇప్పుడు వ్యూ పాయింట్లు చేస్తున్నాయి. శ్రీశైలం రోడ్డు మీద ఆక్టోపస్ వ్యూ పాయింట్ ఉంది, కృష్ణ నీళ్ళు కొండల మధ్య చేతులు చాపినట్టుంటాయని. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, ఆక్టోపస్‌ని జన్మలో చూడని జనం మధ్య, ఆ చోటుకి ఆ పేరు. రెయిలింగ్ పట్టుకుని నిలబడి కిందకి చూసేవాడు పెట్టిన పేరది. కింద తిరిగేవాళ్ళకి ఆ ఎనిమిది చేతుల్లో ఒక్కోదానికీ ఒక్కో పేరుండదా?

నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్తాను. కోడ్‌లో ఒక పేరు మార్చాలంటే ముందు అది ఎక్కడెక్కడ వాడారో వెతుకుతాం. అన్ని చోట్లా మారిస్తేనే బిల్డ్ నిలబడుతుంది. ఒక చోట మర్చిపోయినా ఎక్కడో ఏదో పగులుతుంది, అదీ శుక్రవారం సాయంత్రం. అడవిలో చోటు పేరుని ఎక్కడెక్కడ వాడారో వెతికిపెట్టే టూల్ లేదు. అది పాటలో ఉంటుంది, ఇంటిపేరులో ఉంటుంది, తేనె తీసే బండల పంపకంలో ఉంటుంది, సచ్చినోళ్ళని పూడ్చిన చోటులో ఉంటుంది. ఇవి ఏవీ చూడకుండా ఒక్క జీవోతో పేరు మార్చేస్తే ఏం పగిలిందో మనదాకా చప్పుడు కూడా రాదు.

పగిలేదేమిటో ఊహాగానం కాదు, చట్టం పుస్తకంలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఓ గూడెం తన అడవి మీద హక్కు అడగాలంటే రుజువులు కావాలి. 2008 నియమాల్లో ఆ రుజువుల లెక్క ఉంది: గెజెటీర్లు, సెన్సస్, మ్యాపుల్లాంటి ప్రభుత్వ రికార్డులు, పెద్దల వాంగ్మూలాలు, పాత బావులు, శ్మశానాలు, దేవుళ్ళ చోట్లు, దుంపలు తవ్వుకునే చోట్లు, నీటి వనరులు. చెంచుల్లాంటి ఆదిమ తెగలకైతే మొత్తం ఆవాస ప్రాంతం మీదే హక్కు అడిగే వీలుంది. ఇవన్నీ ఎలా చూపిస్తారు? పేర్లతోనే. మా తాతని ఫలానా చెలమ దగ్గర పూడ్చాం, మా ఆడోళ్ళు ఫలానా లొద్దిలో గడ్డలు తవ్వుతారు. పెద్దాయన చెప్పే పేరు మ్యాపులో లేదనుకోండి, అక్కడ వ్యూ పాయింట్ అని ఉందనుకోండి, ఆ వాంగ్మూలం విలువెంత? ఊరు దోమలపెంట అని ఉన్న పాత కాగితం చూపించి, ఇప్పుడున్నది బ్రహ్మగిరి కదా అంటే, రెండూ ఒకటేనని రుజువు చేసుకునే బరువు ఎవడి మీద పడుతుంది? మార్చినవాడి మీద మాత్రం పడదు.

2019లో అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం వెతుకుతారనగానే నగరమంతా లేచింది. మంచిదే, ఆ సెప్టెంబరులో అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. నేనూ ప్రొఫైల్ బొమ్మ మార్చుకున్నవాణ్ణే. అప్పుడు మనం రాసిన కవితలు తీసి చూడండి. నల్లమల, నల్లమల, నల్లమల. అమ్మ అన్నారు, ఊపిరి అన్నారు, పచ్చని తల్లి పేగు అన్నారు. ఒక్క పెంట పేరు, ఒక్క వాగు పేరు, ఒక్క కొండ పేరు ఎందులోనూ నాకు దొరకలేదు. ఆ గొడవ సద్దుమణిగాక అదే అడవిలో పులుల కోసం ఊళ్ళు తరలించే జాబితాలు వచ్చాయి: సార్లపల్లి, కుడిచింతలబైలు, కొల్లంపెంట, తాటిగుండాల. ఈసారి కవితలు రాలేదు. రావడానికి ఆ పేర్లు మన నోట్లో ఎప్పుడున్నాయి గనక? తాటిగుండాలంటే తాటిచెట్లు, నీటి గుండాలు. ఊరు లేచిపోయాక ఆ గుండాలని ఏమని పిలుస్తారు? ఫారెస్టు వాళ్ళ కంపార్ట్‌మెంట్ నంబరుతోనా?

నా మీద ఒక ఆక్షేపణ ఉంది, దాన్ని దాటేసి పోలేను. ఈ వ్యాసం మొదటి చిత్తుప్రతి చదివిన ఓ మిత్రురాలు, మహబూబ్‌నగర్ వైపు అమ్మాయి, ముఖం మీదే అడిగింది: "నీకేం, నీ ఆధార్ కార్డు మీద పెంట అని లేదుగా. హాస్టల్‌లో పిల్లలు ఏడిపించేది నిన్ను కాదుగా. వాళ్ళకి ఇష్టమై మార్చుకుంటే మధ్యలో నీ రొమాన్స్ ఏంటి?" అని. న్యాయమైన మాట. ఊరివాళ్ళు కూర్చుని మాకీ పేరు వద్దనుకుంటే అది వాళ్ళ హక్కు, నాకు అక్కడ కుర్చీ లేదు. కులం పేరుతో మనుషుల్ని కించపరిచే ఊరి పేర్లూ వాడ పేర్లూ అయితే నిస్సంకోచంగా పోవాలి, వాటికోసం ఒక్క వాక్యం కూడా రాయను. కానీ పెంట అలాంటి పేరు కాదు. ఆ హాస్టల్ పిల్లవాణ్ణి ఏడిపించింది ఎవరు? బోర్డు ఫోటో తీసి గ్రూపులో పెట్టిన నేను. నా నవ్వుకి సిగ్గుపడి వాళ్ళు పేరు మార్చుకోవాల్సొస్తే దాన్ని వాళ్ళ ఇష్టం అని నేనెలా అనను? ఇంకో సంగతి. మార్చేటప్పుడు కూడా దొరికింది గిరే. వాళ్ళ సొంత మాటల్లో చెలమ లేదా, గుండం లేదా, లొద్ది లేదా? ఏ గూడేన్నైనా పెద్దమనిషిని చేయాలంటే చివర గిరి, పురం, నగర్ తగిలించాలని ఎవరు నేర్పారు?

ఈ మాట చెప్తే మిత్రురాలు పూర్తిగా ఒప్పుకోలేదు. "సగం కరెక్ట్" అంది. ఆ మిగతా సగం ఆమె రాయాలి, రాస్తే నేను చదువుతాను.

ఈ మధ్య నడకకి వెళ్ళినప్పుడు ఓ చిన్న నోటుబుక్కు పెట్టుకుంటున్నాను. ఫోన్లో కాదు, ఫోన్ తీయగానే అవతలి మనిషి మాట మారిపోతుంది. అడగడం మొదట్లో సిగ్గుగా ఉండేది, సెన్సస్ వాడిలా. తప్పులు కూడా రాసుకుంటున్నాను. ఒకే బండకి ఇద్దరు రెండు పేర్లు చెప్తే రెండూ రాస్తున్నాను, ఎవరు చెప్పారో పక్కన పెడుతున్నాను. వీరాస్వామయ్యంత ఓపిక లేదు కానీ ఇప్పటికి అరవై దాకా అయ్యాయి.

పోయిన చలికాలం మన్ననూరు నుంచి లోపలికి, అనుమతి ఉన్న దారిలోనే, గైడుగా వచ్చిన ఓ చెంచు పెద్దాయన వెనక నడుస్తున్నాను. మోకాలు లోతు లేని వాగొకటి అడ్డం వచ్చింది. అలవాటు ప్రకారం నోటుబుక్కు తీసి, "తాతా, ఈ వాగు పేరేంది?" అన్నాను.

ఆయన వాగు మధ్యలో ఆగి పైకి చూశాడు, కిందికి చూశాడు.

"యాడికాడ సారూ?" అన్నాడు. "పైన ఆ రాయి దాక ఒక పేరు. ఈడ మనం దాటేకాడ ఒక పేరు. ఆ మద్దిచెట్టు దాటినంక ఇంకోటి. నీకేది గావాలె?"

మూడూ రాసుకున్నాను.